గుమ్మం పక్క వరస

మొలవని గింజల పళ్ళాన్ని పరిశోధకురాలు చెత్తబుట్టలో వంపబోతుంటే, మొక్కలు చూసుకునే ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది.

“పారెయ్యకమ్మా!”

“అన్నీ ఒకే రకం కలుపు మొక్కలు, అన్నిటినీ నీళ్ళు తగ్గించి ఎండగట్టే పెంచాం. మిగతా వరసల గింజలన్నీ మొలిచాయి పెద్దమ్మా, ఇవే మొండికేశాయి. ఆర్నెల్ల కష్టం!”

“తప్పు నాదే తల్లీ. గుమ్మం పక్క వరసకి చాటుగా నీళ్ళు పోశాను.”

“వద్దన్నానుగా!”

“కలుపైతే మాత్రం? కడుపుతో ఉన్నదాన్ని దాహంతో చూడలేకపోయాను.”

పరిశోధకురాలు పళ్ళెం మెల్లగా బల్లమీద పెట్టింది.

“అయితే ఇవి చావలేదు, నిద్రపోతున్నాయి. తల్లి మొక్క చల్లగా బతికితే గింజకి లేవాలన్న తొందరుండదు.”

“నన్ను పనిలోంచి తీసేస్తావా?”

“నువ్వు నోరు విప్పకపోతే నా పనంతా బుట్టలో పడేది. కూర్చో. ఎన్ని చెంబులు పోశావో రాసుకుంటాను. ముందు నీ పూర్తి పేరు చెప్పు, పరిశోధన పత్రం పైన నా పేరు పక్కన రాయాలి.”