చక్రవర్తిని లేపాలా, వద్దా

(వంటింట్లో భార్యాభర్తలు. ఇద్దరూ పురావస్తు శాఖలోనే పని చేస్తారు. పాత చక్రవర్తి సమాధిని తవ్వాలా, అలాగే వదిలెయ్యాలా అని మర్నాడు కమిటీలో ఓటింగు.)

"మళ్ళీ అనండి."

"తవ్వుదాం అన్నాను. రేపు నా ఓటు తవ్వకానికే."

"పదకొండేళ్ళుగా వద్దు వద్దని నా ప్రాణం తీశారు కదండీ. రెండువేల ఏళ్ళుగా పడుకున్నాయన్ని లేపడానికి మనమెవరం అని పుస్తకం కూడా రాశారు."

"రాశాను. ఇప్పుడేమో, ఆయన పడుకుంది చాలనిపిస్తోంది."

"ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉంది. చరిత్ర, విజ్ఞానం, రేపటి తరాలు... అన్నీ నువ్వు చెప్పేవే."

"నేను చెప్తే ఎప్పుడు విన్నారు గనక? ఆ ఎడం చెయ్యి తువ్వాల్లో ఎందుకు దాచారు?"

"గిన్నెలు తుడుస్తున్నా."

"గిన్నెలన్నీ అరలో ఉన్నాయి. తువ్వాలు తియ్యండి."

"ముందు ఓటు సంగతి..."

"తియ్యండి. పెళ్ళి ఉంగరమేది?"

"ఉంది. భద్రంగానే ఉంది."

"ఎక్కడ?"

"చక్రవర్తి దగ్గర."

"ఏ చక్రవర్తి?"

"మనాయనే. లోపల తేమ కొలవడానికి పదకొండేళ్ళ కిందట సమాధిలోకి గొట్టం దించాం కదా. ఏటా నువ్వే వెళ్ళేదానివి. ఈసారి భుజం నొప్పంటే నేను వెళ్ళాను. మీటరు ఇరుక్కుంది. చెయ్యి పెట్టి లాగాను. మీటరొచ్చింది, వేలొచ్చింది..."

"ఉంగరం రాలేదు."

"చాలాసేపు దొర్లింది. గది పెద్దదే అనుకుంటా. అది రిపోర్టులో రాశాను."

"ఒక్క ఉంగరం కోసం రాసిన పుస్తకాన్ని గాలికొదిలేస్తారా? సిగ్గుగా లేదూ?"

"సిగ్గుగానే ఉంది. కానీ చక్రవర్తంటే నాకు భయం లేదు, నువ్వంటే భయం. నువ్వు తొడిగిన ఉంగరం అది. అలాంటిదే ఇంకోటి చేయించుకుని, ఏమీ ఎరగనట్టు నీ ముందు తిరగడం నావల్ల కాదు."

"ఎందుకు కాదు? పదకొండేళ్ళు తిరిగినా ఎవరూ కనిపెట్టరు."

"నీకెలా తెలుసు?"

"ఆ స్టూలు మీద కూర్చోండి ముందు."

"కూర్చున్నా. చెప్పు."

"చరిత్రా లేదు, విజ్ఞానమూ లేదండీ. మీరు తొడిగిన ఉంగరం మొదటి ఏడే ఆ గొట్టంలో పడిపోయింది. ఆ తర్వాత చేయించినవీ అందులోనే. నా వేలికున్న ఇది నాలుగోది."