మంగళవారం పిండం

సంతానం కోసం వచ్చేవాళ్ల ఆసుపత్రి. రిపోర్టులిచ్చే కిటికీకి అవతల నర్సు. ఇవతల, పాడి ఫారంలో ఆవులకు పిండాలు పెట్టే ఆవిడ.

"మా చెల్లి గర్భసంచికి పిండాన్ని నిలుపుకునే శక్తే లేదని రాసిన మొనగాడెవరు?"

"మెల్లిగా మేడమ్, పేషెంట్లున్నారు."

"విననీ! ఈ కాగితం నమ్మి, ల్యాబ్‌లో మిగిలిన ఒక్క పిండాన్నీ పారేయమని సంతకం పెడతానంటోంది అది."

"డాక్టరుగారు చూసే రాశారు. మీకివి అర్థం కావు."

"అవునమ్మా, నాకేం తెలుసు! పన్నెండేళ్లుగా ఆవులకి పిండాలు పెడుతున్నా, అంతేగా."

"ఆవు వేరు, మనిషి వేరు."

"అదే నేనూ అనేది! ఆవు పిండం మూడు వారాలు లోపల తేలుతూ, దారంలా సాగి, అప్పుడు అంటుకుంటుంది. పంది పిండాలు అటూ ఇటూ తిరిగి, చోటు సర్దుకుని కూర్చుంటాయి. ఎలుగుబంటిదైతే నెలల తరబడి ఆగుతుంది. మనిషిదో? వారం తిరిగేసరికి గోడ తొలుచుకుని లోపలికి దూరాలి. ఆ గోడ రానిచ్చేది రెండు మూడు రోజులే. మీ డాక్టరు మా చెల్లిని ఎలుగుబంటి అనుకున్నాడా?"

"అలా మాట్లాడకండి."

"గోడని సిద్ధం చేసే హార్మోను మందుకి ఐదు రోజులు నిండింది మంగళవారం. పెట్టాల్సింది ఆ రోజే. పిండం పెట్టిందెప్పుడు?"

"అది... శనివారం. మంగళవారం పెద్ద డాక్టరుగారికి సమావేశం పడింది."

"గర్భసంచికి చెప్పారా, సారుకి సమావేశం ఉందని? మా ఫారంలో రోజు దాటితే ఆ నెల ఆవుని వదిలేస్తాం. పిండం దాచి మళ్లీ పెడతాం. ఆవుకిచ్చే మర్యాదైనా ఆడదానికి లేదా? అలా మంగళవారం నుంచి శనివారానికి ఎంతమందిని జరిపారు?"

"చెప్పకూడదు."

"ఎంతమందీ?"

"పదకొండు."

"ఎందరికి నిలిచింది?"

"ఒక్కరికీ... లేదు."

"పదకొండు గర్భసంచులూ ఒక్కసారే చెడిపోయాయి! డాక్టరు మాత్రం బంగారం!"

"అరవకక్కా... ఆ పదకొండులో నేనూ ఉన్నా."

"నువ్వా? నీకూ ఇదే రాశారా?"

"అక్షరం మారలేదు. నాకూ ఒక్కటే మిగిలింది. నిన్ననే సంతకం పెట్టేశా. మధ్యాహ్నం పారేస్తారు."

"ఇంకా పారేయలేదుగా? మూసెయ్ కిటికీ! పద ల్యాబ్‌కి. ముందు నీ సంతకం కొట్టేయించు. తర్వాత, మంగళవారం ఎగ్గొట్టిందెవరో పదకొండు కాగితాల మీదా రాయించు!"