లెన్నీ తిప్పని టోపీ

అమ్మా ఐరీన్, ఫాదర్ గారూ, డాక్‌యార్డు మిత్రులారా, స్టేడియంలో కుడి గోడ పక్క ఎండ బెంచీల మీద ఇన్నేళ్లూ నాతో కలిసి గొంతు చించుకున్న వాళ్లారా!

ఈ యూనియన్ హాల్లో ఇంతమందిని మళ్లీ చూస్తాననుకోలేదు. లెన్నీ వోయ్‌చిక్ పోయాడు. వాడి గురించి రెండు మంచి మాటలు చెప్పమని వాడి భార్య ఐరీన్ అడిగింది. నిన్న రాత్రే సిద్ధం చేసుకున్నాను. పొద్దున వచ్చి పెట్టెలో వాడి మొహం చూశాక ఆ కాగితం చించేశాను.

మీరూ చూశారుగా? చూసి, కాఫీ కప్పులు పట్టుకుని మూలమూలల్లో గుసగుసలాడుతున్నారుగా? అయితే నేనే పైకి అనేస్తాను. వాడి తల మీది టోపీకి ముందు ఉన్నది గ్రాంటన్ జట్టు అక్షరం! మన లేక్‌పోర్ట్ జట్టుది కాదు, గ్రాంటన్‌ది! మన నోటి దగ్గరి ముద్ద ఎన్నిసార్లు లాక్కుపోయిందో లెక్కలేని ఊరు!

నా మనసు రగిలిపోతోంది. అది దాచుకుని తీపి మాటలు చెప్పడం నాకు చేతకాదు.

మా ఎండ బెంచీల ఆచారం ఫాదర్ గారికి తెలియదు. బేస్‌బాల్ ఆట చివరి ఇన్నింగ్స్‌లో మన జట్టు వెనకబడితే అందరం టోపీలు తీసి, లోపలిది బయటికి తిరగేసి పెట్టుకుంటాం. అలా చేస్తే ఆట తిరుగుతుందని నమ్మకం. పిచ్చి అనండి, ఏమైనా అనండి. ఒక్కడు తిప్పకపోయినా అది పనిచేయదు.

వాన పడిన ఆ అక్టోబరు గుర్తుందా? గ్రాంటన్ మీద ఆఖరి ఆట. ఒక్క పరుగు వెనకబడ్డాం. ఇంకొక్కడు అవుటైతే మన ఏడాదంతా బూడిదలో పోసిన పన్నీరు. బెంచీల మీద టోపీలన్నీ తిరిగాయి. లెన్నీది తప్ప. "తిప్పరా ఒరేయ్, నీకు దణ్ణం పెడతా, తిప్పు!" అని నేను అరిచాను. వెనకనుంచి ఎవరో చెయ్యి వేస్తే రెండు చేతులతో టోపీని నెత్తికి అదుముకుని మరుగుదొడ్డి వైపు పరిగెత్తాడు. మన ప్రూయిట్ మూడు బంతులకు బ్యాటు ఊపాడు, మూడూ గాలికే పోయాయి, అవుటయ్యాడు. అయిపోయింది.

ఆ చలికాలమంతా వాణ్ణి ఎన్నెన్ని మాటలన్నాం! క్యాంటీన్లో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు. "అవున్రా, నా వల్లే ఓడిపోయాం" అంటూ తలవంచుకుని వాడు సూప్ తాగాడు. పాపం, ఎంత బాధపడుతున్నాడో అనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ వంచిన తల కింద నవ్వుకున్నావా లెన్నీ?

ఆ టోపీ లోపల, అస్తరుకి, గ్రాంటన్ అక్షరం కుట్టి ఉందట. ఐరీన్ పొద్దున చెప్పింది. తిప్పితే బయటపడతాడు. అందుకే తిప్పలేదు!

వాడు పుట్టింది గ్రాంటన్ మిల్లు వీధుల్లో. ఇక్కడ పనిలో చేరిన మొదటి రోజు, మన టోపీ లేనివాడికి భోజనాల బల్ల దగ్గర చోటు లేదన్నారట. అన్నది ఎవరో కాదు, నేనే. మర్నాడు టోపీ కొనుక్కొచ్చాడు. "ఈ సీజన్ అయిపోనీ, మార్వ్‌కి చెప్పేస్తా" అని నా పేరు చెప్పి ఐరీన్‌తో ప్రతి ఏడాదీ అనేవాడట. ఏ సీజన్ అయిపోయింది గనక? నా కూతురికి జ్ఞానస్నానపు తండ్రిగా నిలబడ్డవాడు, నా భార్య శవపేటిక మోసినవాడు, ఇంత ముక్క చెప్పలేకపోయాడా?

పోయిన అక్టోబరులో వాడున్న ఆసుపత్రికి నేను రేడియో పట్టుకెళ్లాను. కప్పు గ్రాంటన్ ఎగరేసుకుపోయింది. "వాళ్ల స్టేడియం మీద పిడుగు పడ!" అన్నాను. లెన్నీ నా చెయ్యి నొక్కాడు. నన్ను ఓదారుస్తున్నాడనుకున్నాను, వెర్రి వెధవని.

అయితే ఒకటుంది. అది లేకపోతే నేనీ మైకు దగ్గరికి వచ్చేవాణ్ణే కాదు.

మనం గెలిచిన అక్టోబరు. మళ్లీ గ్రాంటన్ మీదే. ప్రూయిట్ కొట్టిన బంతి ఆకాశానికి లేచి సరిగ్గా మన బెంచీల మీదికి వచ్చింది. గ్రాంటన్ ఆటగాడు గోడ ఎక్కి, చేతి తొడుగు మన మధ్యలోకి చాచాడు. అతనికి చిక్కితే వాళ్లు గెలిచినట్టే, జనంలో చిక్కితే మనం గెలిచినట్టే. ఆ తొడుగు మీదుగా రెండు వట్టి చేతులు లేచి బంతిని లాక్కున్నాయి. ఎవరివి? లెన్నీవి! వాణ్ణి భుజాల మీద మోశాం. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. బంతి నా జేబులో కుక్కి, "నీ దగ్గరే ఉండనీరా, మా ఇంట్లో వద్దు" అన్నాడు. ఎంత పెద్ద మనసో అని ఊరంతా చెప్పుకున్నాను.

ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదట. "ఐరీన్, చెయ్యి దానంతటదే లేచిపోయింది. పక్కన మార్వ్ అరుస్తున్నాడు, ఏం చెయ్యను?" అన్నాడట.

వింటున్నారా? టోపీ లోపల గ్రాంటన్ పెట్టుకున్నవాడు, తన జట్టు నోట్లో తన చేతుల్తోనే మట్టి కొట్టాడు. వాడు మోసం చేసింది మనల్నా, వాళ్లనా? పొద్దుటినుంచీ తేలడం లేదు నాకు. నేను క్షమించానని అనుకోకండి. క్షమించలేదు. ఈ బంతిని పెట్టెలో పెడదామని తెచ్చాను, పెట్టను. వాడు వద్దనే కదా నాకిచ్చాడు. నా దగ్గరే ఉంటుంది.

ఇంకొక్క మాట. నేను పొద్దున కోపంతో సరిగ్గా చూడలేదు. ఇందాక వంగి మళ్లీ చూశాను. వాడి నెత్తి మీద ఉన్నది గ్రాంటన్ టోపీ కాదు. మన టోపీనే. తిరగేసి ఉంది. అలాగే పెట్టమని ఐరీన్ దగ్గర మాట తీసుకున్నాడట. ఇన్నేళ్లు మనం బతిమాలితే తిప్పనివాడు, ఇవాళ తిప్పాడు.

లేవండి. అందరూ లేచి నిలబడండి. ఫాదర్ గారు ఏమీ అనుకోకపోతే, టోపీలు చేత్తో పట్టుకోవద్దు. తిరగేసి నెత్తిన పెట్టుకోండి. లోపల ఎవరికి ఏది కుట్టి ఉన్నా సరే, ఇవాళ ఎవరూ ఎవర్నీ అడగరు. ఇప్పుడు మాట్లాడకండి. ఒక్కడు తిప్పకపోయినా అది పనిచేయదు.