దిగినోళ్లింట్లోనే నా ముద్ద

ఓబులమ్మ అని ఒగామె ఉండె. మనూరు గాదులే, కొండకవతల ఎర్రబండపల్లెలో. మొగుడు సచ్చిపోయినాడు, పిల్లల్లేరు, మోకాళ్లు పట్టేసినాయి. ఆమె గుడిసె ముందరే ఊరి దిగుడుబావి. బావి అని పేరేగాని నీళ్లేడివి, వానలకి మట్టి కొట్టుకొచ్చి పూడిపోయె. ఊరోళ్లంతా మిట్టమీద బోరుకాడికి పోయి తెచ్చుకుంటాండ్రి. ఓబులమ్మ ఆ మిట్ట యాడెక్కుతాది? పొద్దున లేస్తే కడవ పట్టుకోని, ఒగ చెంబు పొయ్యి తల్లీ, అని ఇంటింటికీ పోయేది. అన్నం అడుక్కునేది ఒగ రకం, నీళ్లడుక్కునేది ఇంగొగ రకం. మనిషికి శానా సిగ్గుగా ఉంటాది. నవ్వుతాండావేంరా సుంకన్నా, రేప్పొద్దున నువ్వు పోయి అడుగు, తెలుస్తాది.

సరే, ఏమైందంటే, టౌన్లో చేదోడు సంఘమని ఒగటుండాదంట. రిటైరైన అయ్యవారు రామాంజులు సారు దాన్ని నడిపేది. ఎండాకాలం సెలవల్లో కాలేజి పిల్లోళ్లని తోలుకోని ఊరూరికీ పోయి బావులు, కాలవలు పూడిక తీస్తారు. జీతం గీతం లేదు, వాళ్లంతట వాళ్లే ఇష్టపడి వచ్చేది. ఆ పిల్లోళ్లల్లో సుధామణి అని ఒగ పాప, టైలరు కూతురు. పుల్ల మాదిరి ఉంటాదంట గాని, ఒగటి పట్టుకునిందంటే ఇడిసేది లేదు. వచ్చిన పొద్దే ఎండకి నోరెండిపోయి, బావికెదురుగా ఉండే గుడిసెలోకి పోయి, అవ్వా, దాహమైతాంది, రోంత నీళ్లియ్యవా అనింది. ఓబులమ్మ కడవ వంచి చూస్తే అడుగున తడి గూడా లేదు. ఇంటికొచ్చిన బిడ్డకి నీళ్లు లేవని చెప్పేకి ఆమెకి నోరు రాలేదంట. కొంగు మొగానికడ్డం పెట్టుకోని గోడపక్క తిరుక్కునింది. ఆ పాపకి అర్థమైపాయె. బయటికొచ్చి బావిలోకి తొంగి చూసి, 'అవ్వా, ఈ బావి నీళ్లు నీ చేత్తో చేది పోస్తేనే నేను నీ ఇంట్లో తాగేది' అనింది. చున్నీ నడుముకి బిగించి పార తీసుకునింది.

ఇంగ చూడు ఊరోళ్ల యవ్వారం. వాళ్లు చెడ్డోళ్లు గాదు, వచ్చిన తంటా అదే. ఊరికొచ్చిన పిల్లోళ్లంటే వాళ్లకి చుట్టాలంట. చుట్టాల చేత మట్టి మోయిస్తారా ఎవురైనా? పిల్లోళ్లు పార ఎత్తేదే ఆలస్యం, కదిరప్ప అని, ఊర్లో పెద్దరికం చేసే ఆయన, ఉరుక్కుంటా వచ్చి పార పెరుక్కునె. 'ఏం నాయనా, మా ఊరికొచ్చి మీరు మట్టి మోస్తే మా మొగం యాడ పెట్టుకునేది? దాండి, సంగటి తిందురుగాని' అనె. ఆ ఇంట్లో సంగటి, కోడికూర. ఈ ఇంట్లో ఊరుబిండి, మజ్జిగ. ఇంగో ఇంట్లో ఓళిగలు. చాలంటే ఊరుకోరు, ఇంగొగటి, ఇంగొగటి అని ఇస్తర్లో ఏసేదే. తిని తిని పిల్లోళ్లు నీడలో పడి నిద్రపోయేది. మరి పార పెరుక్కున్న కదిరప్పన్నా తవ్వినాడా? పారను గోడకానించి, 'రేప్పొద్దున చూస్తాంలే' అనేది. పిల్లోళ్లని తవ్వనియ్యరు, వాళ్లు తవ్వరు, బావి బావి మాదిరే ఉండె.

రామాంజులు సారుకి ఇసుగొచ్చె. ఈ వారం దాటితే ఇంగో ఊరికి పోవల్ల, ఆ ఊరి జనం కాచుకోనుండారు, ఇది అయ్యే పని గాదు, ఇడిసేద్దాం అన్నాడంట. సుధామణి ఏమనిందంటే, 'వారం ఉండాది గద సార్. అవ్వకి మాటిచ్చినా, నేనిడిసేది లేదు' అనింది. ఆ పొద్దు కదిరప్ప పెండ్లాం రంగక్క ఇస్తరేసి పిలిస్తే గడపకాడే నిలబడి, నేను తిననక్కా అనింది. ఎందుకమ్మీ, కూర బాగలేదా? 'బాగుంటాది. గాని ఇంగమీద ఎవురు నాతోపాటు బావిలోకి దిగితే వాళ్లింట్లోనే నా ముద్ద. ఎవురూ దిగకపోతే పస్తే' అని చెప్పి, పోయి ఒగతే తవ్వేకి మొదలుపెట్టింది. తక్కిన పిల్లోళ్లు సిగ్గుపడి, మాదీ అదే మాట అని వాళ్లూ దిగినారు.

ఊర్లో గగ్గోలు. ఇంటికొచ్చినోళ్లు పస్తుంటే ఆ ఊరికింగ మర్యాదేముండాది, మీరే చెప్పండి. పొద్దు నెత్తికొచ్చె. రంగక్క కూరచట్టి మూత తీసేది, మూసేది. కదిరప్ప మాత్రం కాళ్లు బారజాపుకోని, ఆకలైతే వాళ్లే వస్తార్లే, నాకు పెట్టు అన్నాడంట. అంతే, ఆమెకి రేగింది. 'నీకా? పరాయి బిడ్డ కడుపు మాడ్చుకోని మన బావిలో తట్ట ఎత్తుతాంటే నీ గొంతులోకి ఎట్ల దిగుతాది? నువ్వు దిగకపోతే నేను దిగుతా. ఆ పాప నా చేతి కూడు తినల్ల' అని కొంగు చెక్కుకోని పార తీసుకోని పాయె. పెండ్లాం బావిలో, మొగుడు అరుగుమీద, ఎంతసేపు కూర్చుంటాడు పాపం? పంచె ఎగ్గట్టుకోని ఆయనా దిగినాడు. పక్కింటోళ్లు చూసి, ఓహో, పిల్లోళ్లంతా రంగక్క ఇంట్లోనే తింటారా, మా ఇంట్లో పొయ్యి లేదా అని వాళ్లూ దిగిరి. వాళ్లని చూసి ఇంగొగరు. మెట్లమీద వరసగా నిలబడి తట్టలు చేతులు మారుస్తాండ్రి అనుకో. మాపటికి, పాప మా ఇంటికంటే మా ఇంటికని కొట్లాట. ఇంటికో ముద్ద తిని సమాధానం చేసిందంట.

ఓబులమ్మ మెట్లు దిగలేదు గదా, గట్టుమీద కూర్చోని, వచ్చిన తట్ట వచ్చినట్ల కుమ్మరిస్తాండె. 'నేను దిగలేనని నా ఇంట్లో తినవా అమ్మీ?' అనడిగింది. 'నీ ఇంట్లో నేనడిగింది నీళ్లవ్వా' అనింది పాప.

పోయే పొద్దు వచ్చె. తీసేకొద్దీ బురదే, ఊట మాత్రం కనపడదు. సారు సామాన్లు ట్రాక్టరుకెక్కించినాడు. పాప ఎక్కలా. ఇంగో తట్ట, ఇంగో తట్ట అంటానే ఉండాది. ఆఖరికి కదిరప్ప బండసందులో గడ్డపార గుచ్చి పెకలిస్తే బుడబుడమని ఊట లేసింది. ఆయనే ముందు ఏడ్చినాడంట, పెద్దరికం చేసే మనిషి. నీళ్లు ఎర్రగా, బురదబురదగా ఉండాయి. సారు, పోదాం రామ్మా, పొద్దుపోతాంది అంటే, నీళ్లు తేరుకోనీండి సార్ అని గట్టుమీద కూర్చునింది. తేరుకునె. ఓబులమ్మ బొక్కెన ఇడిసింది. కదిరప్ప, నేను చేదిస్తా పెద్దమ్మా అని తాడు పట్టుకోబోతే, ఆమెనే చేదనీ మామా అని పాప ఆపింది. ముసలామె రొప్పుకుంటా చేది, చెంబుకి పోసి, ఆ పొద్దు అడిగితివే బిడ్డా, ఇప్పుడు తాగు అనింది. పాప గటగటా తాగి, చెంబు మళ్లా చాపి, 'ఇంగో చెంబు పొయ్యవ్వా' అనింది. ఓబులమ్మ కండ్లనీళ్లు పెట్టుకోని నవ్వి, 'అడుగు తల్లీ, ఎన్నైనా అడుగు' అనిందంట.

ఇదీ సంగతి. ఆ సంఘమోళ్లని మనూరికి గూడా పిలిపిస్తే బాగుండునని గొణుగుతాండావే సుంకన్నా, మన బావి గూడా పూడిపోయే ఉండాదని నాకు తెల్దా? పిల్లోళ్లొచ్చేదాకా కాచుకోనుంటావా? నా పారకి కట్టె ఏసి పెట్టుకోనుండా. పొద్దున్నే పోతాండా. ఎవురు దిగితే వాళ్లింట్లోనే రేపు నా సద్ది. ఎవురూ రాకపోతే పస్తే. నాకు షుగరుండాది, చూసుకోండి మరి.