నది నోరు, నది మంచం

హలో… ఆఁ, నేనేనక్కా, కౌముదినే. గొంతు మారిపోయిందేటి? … జలుబూ లేదు, ఏమీ లేదు. మూడు రోజులై స్కూల్లో నాతో ఎవరూ మాట్లాడ్డం లేదు కదా, తుప్పు పట్టి ఉంటుంది.

… ఉండు, ఒక్క నిమిషం, గూడ్సు వెళ్తోంది… ఈ హౌరాలో, అందులోనూ సంత్రాగాఛి క్వార్టర్స్‌లో ఫోను మాట్లాడాలంటే ముందు రైల్వే వాళ్ళు ఒప్పుకోవాలి… ఆ, పోయింది. చెప్పు. విశాఖపట్నంలో ఎండలెలా ఉన్నాయి?

… అదీ! ఎండల గురించి అయితే నువ్వు ఫోన్ చెయ్యవని నాకు తెలుసు. … నిజమే. సంజాయిషీ అడిగేరు. 'అనుమతి లేకుండా ఆరో తరగతి పిల్లలను పాఠశాల బయటకు తీసుకువెళ్ళినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపగలరు.' తెలుపగలరు అట! ఎంత మర్యాదో చూడు.

… మొదట్నుంచీ చెప్పమంటావా? సరే. నువ్వు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు ఆరో తరగతి గోడకి ఏముండేది? … ఆ, నల్లబోర్డు, పక్కన బల్లి. ఇప్పుడు రెండూ లేవు. అంత పొడుగు టీవీ ఉంది. టీవీ అనకూడదు, స్మార్ట్ బోర్డు. మన స్కూలు కమిటీ సెక్రటరీ జానకిరామ్ గారు దానికి పసుపు కుంకాలు పెట్టి కొబ్బరికాయ కొట్టేరు. నీళ్ళు దాని మీద పడకుండా నేను గొడుగు పట్టేను. … నవ్వకు, ఒట్టు!

… అబ్బే, బోర్డు మీద నాకు కోపమెందుకు? కరోనా రోజుల్లో వాట్సాప్‌లో పాఠాలు మొదలెట్టిందే నేను. గ్రహణం ఎలా పడుతుందో వీడియోలో చూపిస్తే పిల్లలకి ఇట్టే తెలుస్తుంది. కానీ ఈయన ఆర్డరేంటో తెలుసా? ఇకమీదట టీచరు మధ్యలో మాట్లాడకూడదు. ప్రపంచంలో గొప్పగొప్ప వాళ్ళంతా వెబ్‌లో పాఠాలు పెట్టేరు, వాళ్ళని చెప్పనివ్వాలి. నా పని మీట నొక్కడం. ఎమ్మే, బీఈడీ చేసేను కదా… చాలా బాగా నొక్కుతున్నాను.

… నదుల పాఠం. ఎవరో తెల్లాయన, వెనకాల మంచుకొండ, కింద నీలంగా ఒక నది. ఆయన ఇంగ్లీషులో చెప్తుంటే కింద తెలుగు అక్షరాలు వాటంతటవే వచ్చేస్తాయి. మనది తెలుగు మీడియం కదా, ఎంత సౌకర్యం! 'నది తన మంచం మీద ప్రవహిస్తుంది.' … మంచమే. పడుకునే మంచం. నది అడుగుని ఇంగ్లీషులో బెడ్డు అంటారు కదా, అదన్నమాట. మరి నది సముద్రంలో కలిసే చోటు? … నోరు! 'నది నోరు ఉప్పగా ఉంటుంది.' ఇంక ఒడ్డు ఏమైందో నువ్వే చెప్పు… ఆ, కరెక్టు! 'వరదలకు బ్యాంకులు మునిగిపోతాయి.' జానకిరామ్ గారు రిటైరైంది బ్యాంకులోంచే కదా, అది చూసి ఒక్క క్షణం ఉలిక్కిపడ్డారు పాపం.

… చెప్పకుండా ఉంటానేటి? 'సార్, తర్జుమా తప్పు, పిల్లలు అలాగే రాసేసుకుంటున్నారు' అన్నాను. 'కౌముది గారూ, మీకు టెక్నాలజీ అంటే భయం' అన్నారు. … ఆ మాటన్న ఆయనే వైఫై పాస్‌వర్డు నన్నడిగి అరచేతి మీద రాసుకున్నారు.

… అక్కడితో అయిపోలేదు. వీడియో అయ్యాక క్విజ్. పిల్లకో టాబ్లెట్టు… మింగేది కాదక్కా, చేత్తో పట్టుకునేది. ప్రశ్న వస్తుంది, కింద నాలుగు రంగుల గళ్ళు. సరైన గడి నొక్కితే చప్పట్లు, బెలూన్లు. రెండు వారాలు అదే క్విజ్, పొద్దున్నా సాయంత్రమూ. … ఎందుకంటే శనివారం స్మార్ట్ క్లాసు అసలు ప్రారంభోత్సవం. రైల్వేలో పెద్దాఫీసరు శ్యామసుందర్ గారు ముఖ్య అతిథి. ఆయన ముందు అందరికీ వందకి వంద రావాలి.

… వచ్చేయి! రిహార్సల్లో అందరికీ వచ్చేయి. ఎలాగో అడుగు. ప్రశ్న ఒక్కడూ చదవలేదు. ఎరుపు, నీలం, ఎరుపు, పచ్చ… రంగులు బట్టీ పట్టేరు. వరండాలో తొక్కుడుబిళ్ళ ఆడుతూ పాటలా పాడుకుంటున్నారు. … నేను చెప్తే ఎవరు వింటారక్కా? నాకు టెక్నాలజీ అంటే భయం కదా.

… వచ్చేరు. శ్యామసుందర్ గారొచ్చేరు, దండ వేయించుకున్నారు. తెల్లాయన వచ్చేడు, నది మంచమెక్కింది. అంతా సవ్యంగానే ఉంది. క్విజ్ మొదలైంది… అదే చెప్తున్నాను, ఆగు! ఆ క్విజ్ దానంతటదే అప్‌డేట్ అయిపోయింది. రంగులు తారుమారు. పిల్లలకేం తెలుసు? ఎరుపు, నీలం, ఎరుపు, పచ్చ అని నొక్కుకుంటూ పోయేరు. బోర్డు నిండా ఇంత లావు సున్నా. సున్నాకి కూడా బెలూన్లు వదిలిందక్కా!

… జానకిరామ్ గారి ముఖమా? ఆ రంగు ఆ క్విజ్‌లో లేదు.

… నవ్వు, నవ్వు. నేనూ నవ్వేదాన్నే. తర్వాతేం చేసేరో విను. ముందు బెంచీలో పుష్పరాణిని లేపేరు. … నీకు తెలీదులే, నువ్వెళ్ళేక చేరింది. వాళ్ళ నాన్న సత్యారావు కార్పొరేషన్‌లో చేస్తాడు, ఇల్లు కోల్‌కతా వైపు. పిల్ల రోజూ లాంచీలో గంగ దాటి మన హౌరా వైపు వస్తుంది. అతిథి ఎదురుగా దాన్ని నిలబెట్టి, 'ఒక్క నది పేరు చెప్పు' అన్నారు. చెప్పలేదు. 'పోనీ ఎప్పుడైనా నదిని చూసేవా?' అన్నారు. 'లేదండి' అంది.

… అవునక్కా. లేదండి అంది.

… అరిచేరు మరి! 'రోజూ దాటి వస్తావు, బుద్ధుందా?' అని క్లాసంతా అదిరేలా. అది ఏడుస్తూ ఏమందో తెలుసా? 'అది నది కాదు కదండీ… గంగ కదండీ. నదికి మంచుకొండుంటాది… నీలంగుంటాది' అంది.

… ఏం చెయ్యను? వెళ్ళి బోర్డు ఆపేసేను. 'లేవండర్రా, చెప్పులేసుకోండి' అన్నాను.

… పర్మిషనా? ఇవ్వాల్సినాయన ఎదురుగానే నోరు తెరుచుకుని నిలబడ్డారు. అది 'ఊఁ' అన్నట్టే అనుకున్నాను.

… రామకృష్ణపూర్ ఘాట్‌కి, గంగ ఒడ్డుకి. ఎంత దూరం, మన స్కూలు సందు దాటితే! నేను ముందు, సైన్సు చెప్పే చిన్మయి వెనక, పిల్లలు జంటజంటలుగా చేతులు పట్టుకుని. అందర్నీ పై మెట్ల మీదే కూర్చోబెట్టేను, కింద మెట్టు మీద ఒక్కర్నీ కాలు పెట్టనివ్వలేదు. … భయం వెయ్యకేటి? నిమిషానికోసారి తలలు లెక్కపెట్టేను.

… అక్కడ ఫోను తీసేను. ఆ, ఫోనే! టెక్నాలజీయే! పోటు ఏ పూట వస్తుందో, ఆటు ఏ పూటో, పోర్టు వాళ్ళ పట్టిక వెబ్‌లో ఉంటుంది కదా. అది తెరిచి పుష్పరాణి చేతికిచ్చి చదవమన్నాను. ఎక్కిళ్ళు పెడుతూనే చదివింది. ఇంకాసేపట్లో పోటు అని ఉంది. 'అంటే నీళ్ళు వెనక్కి తిరుగుతాయి' అన్నాను. ఒకటే నవ్వు పిల్లలు. 'నది వెనక్కెలాగెళ్తాది టీచర్?' అని. సరే, చూడండి అన్నాను.

… గుర్రపుడెక్క గుత్తులు గుత్తులుగా సముద్రం వైపు కొట్టుకుపోతోంది. ఇక్కడోళ్ళు కొచురీపానా అంటారు చూడు, అదే. దాన్నే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి నెమ్మదించింది. ఇంకాసేపటికి ఆగిపోయింది. నీళ్ళ మధ్యలో, ఎటెళ్ళాలో తోచనట్టు అలా… ఆ తర్వాత మెల్లిగా, చాలా మెల్లిగా, హౌరా బ్రిడ్జి వైపు తిరిగింది.

… క్లాసంతా లేచి నిలబడిపోయిందక్కా! అప్పుడు పుష్పరాణి 'జోయార్!' అని అరిచింది. లాంచీ వాళ్ళు రోజూ అంటారట, 'జోయార్ ఎషేఛే' అని, జోయారొచ్చిందని. అదేదో లాంచీ పేరనుకుందట. పోటంటే జోయారేనని, జోయారంటే ఇదేనని తెలిసిందో లేదో, ఇంక ఆగుతాదేటి? 'మరి నీళ్ళు ఉప్పగైపోతాయా టీచర్? చేపలేటి చేస్తాయి? మనం పడుకున్నప్పుడు కూడా తిరుగుతాదా?' రెండు వారాలు నోరెత్తని పిల్లలు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అడిగేరు.

… ఆయనా వచ్చేరు! శ్యామసుందర్ గారు. ఎప్పుడొచ్చేరో ఏమో, వెనక మెట్టు మీద బూట్లు విప్పుకుని కూర్చున్నారు, మెడలో దండతో సహా. 'ఈ పోటు పైకి ఎందాకా పోతుందండీ?' అని నన్నడిగేరు. … నాకు తెలీదు. తెలీదనే చెప్పేను. 'స్కూలుకెళ్ళి అందరం బోర్డు మీద వెతుకుదాం' అన్నాను. … వెతికేం! మ్యాపు తీసి, ఊరూ ఊరూ వేలితో జరుపుకుంటూ. ఆ బోర్డు దాని జన్మలో మొదటిసారి పనికొచ్చింది.

… మరి సంజాయిషీ ఎందుకంటావా? అది జానకిరామ్ గారి గొప్పతనం. మధ్యాహ్నం ఘాట్ ఫోటో కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టేరు: 'మన స్మార్ట్ క్లాసు తొలి విజయం!' సాయంత్రం నాకు సంజాయిషీ నోటీసు. ఒకే ఫోను, ఒకే బొటనవేలు.

… ఏటీ? … మళ్ళీ చెప్పు.

… ఓహో. ఆయనే నీకు ఫోన్ చేసేరా. … లేదులే, నీ మీద కోపమెందుకు? నీ మాట నేను కాదననని ఆయనకి తెలుసు. చెప్పు, ఏమన్నారు?

… ఘాట్‌కి తీసుకెళ్ళాలన్న ఆలోచన ఆయనదేనని… నేను కమిటీ ముందు చెప్పాలా? … చెప్తే నోటీసు వాపసు. … ఇప్పుడెందుకొచ్చిందట ఈ దయ? … ఓ! శ్యామసుందర్ గారు కమిటీకి ఫోన్ చేసి మెచ్చుకున్నారా! 'ఇలాంటి క్లాసు నేనెక్కడా చూళ్ళేదు' అనా! అయితే ఇంక ఆలోచన నా బుర్రలో ఉండకూడదు. మంచి వసతి గల చోటికి మారిపోవాలి.

… తెలుసక్కా. నా కాంట్రాక్టు ఏప్రిల్‌తో అయిపోతుందని గుర్తు చెయ్యక్కర్లేదు. ఈ వెటకారమంతా నీ దగ్గరే. ఇంట్లో ఈఎంఐల మాటొస్తే నా నోరూ పడిపోతుంది.

…

… సరే. చెప్తాను. … నిజంగానే! ఆలోచన ఆయనదే, నూటికి నూరుపాళ్ళూ. కానీ ఇది కూడా విను. అంత గొప్ప ఆలోచన ఒక్కసారితో ఆపేస్తే ఎలా? నెలకోసారి పిల్లల్ని బయటికి పంపాలి. ఏ వీడియో చూపించాలో, ఎక్కడ ఆపాలో టీచరు చూసుకోవాలి. తెలుగు అక్షరాలు ముందు టీచరు చదివి, తప్పులు దిద్దేకే పిల్లలకి. రంగుల క్విజ్ బంద్. ఇవన్నీ కూడా ఆయన ఆలోచనలే! మీటింగులో లేచి నిలబడి చెప్తాను, కావాలంటే దండ కూడా నేనే కొంటాను. … లేదక్కా, పేరు నాకెందుకు? క్లాసులో నన్ను నోరు విప్పనిస్తే చాలు.

… ఒక్కటి మాత్రం ఉంది. పుష్పరాణికి ఆయన తప్పైందని చెప్పాలి. క్లాసు ముందు. … ఎందుకు చెప్పరు? అరిచింది క్లాసు ముందే కదా? … చిన్నపిల్లే. అందుకే చెప్పాలి. … లేదు. అది లేకపోతే మిగతావేవీ లేవు. ఏప్రిలైతే ఏప్రిలే.

… ఏడవటం లేదు. గూడ్సు.

… ఆగక్కా, ఇంకో కాల్ వస్తోంది… ఎవరనుకున్నావ్, ఆయనే! నువ్వు ఫోన్ పెట్టేదాకా కూడా ఆగలేకపోయేరు. … భయమా? వేస్తోంది. … ఆ, మర్యాదగానే మాట్లాడతాను. ఉంటానక్కా.

నమస్కారం సార్… కౌముదినే… ఆ, అరుంధతక్క చెప్పింది సార్. మీ ఆలోచన చాలా బాగుంది… ఒప్పుకుంటున్నాను సార్, పూర్తిగా… ఒక్క షరతు సార్, పుష్పరాణికి మీరు క్లాసు ముందు తప్పైందని చెప్పాలి. …

… పెద్దరికం పోతుందా సార్? …

… నేనాగుతాను సార్. మీరు ఆలోచించుకోండి.

…

… అయ్యో, నాకెందుకు సార్ సారీ? నన్నేమీ అనలేదు కదా మీరు. దానికి చెప్పండి… రేపు మొదటి పీరియడు నాదే సార్… లేదు, బోర్డు వెయ్యను. రండి.