సైరను మింగిన సీత

నాటక సంఘానికి గ్రాంటు రాలేదు. రాదని జ్ఞానరత్నానికి ఆ రోజే తెలుసు. కళలకి డబ్బిచ్చే ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి కలకత్తా రైలు దిగి వచ్చి, ముందు వరసలో కుర్చీలో కూర్చుని చూస్తూండగా, అశోకవనంలో ఉన్న సీతా, రావణుడూ, హనుమంతుడూ మాట సగంలో ఆపేసి రైల్వే వర్క్‌షాపు గేటు వైపు పరుగందుకున్నారు. మధ్యాహ్నం డ్యూటీకి పిలిచే సైరను కూసింది మరి. ముగ్గురూ ఆ రోజుకి సెలవు పెట్టినవాళ్ళే. ఏళ్ళ తరబడి ఆ కూతకి లేచిన కాళ్ళకి సెలవు సంగతి ఎవరు చెప్పాలి? వేదిక మీద హనుమంతుడి తోక మిగిలింది. తెర పక్కన, మాటలందించే పుస్తకం పట్టుకుని జ్ఞానరత్నం మిగిలింది.

ఆమె ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ బడిలో తెలుగు పంతులమ్మ. సంఘానికి నాటకాలు రాసేది, ఆడించేది, దరఖాస్తులు పెట్టేది కూడా ఆమే. జరిగినదానికి కూర్చుని ఏడ్చే రకం కాదు. నాటక సంఘం మూసేద్దాం, తెరలుగా కుట్టిన దుప్పట్లు విప్పి ఎవరివి వాళ్ళకి ఇచ్చేద్దాం అని చెప్పెయ్యడానికి ఆదివారం సాయంత్రం పోలమ్మ టీకొట్టుకి వచ్చింది. సంఘమంతా అక్కడే ఉంది. చెప్పడానికి సందు మాత్రం దొరకలేదు. సీత వేషగాడు నూకరాజు అప్పటికే మొదలెట్టేశాడు.

"నాను పారిపోనానని ఎవుడన్నాడ్రా? సైరను ఆపించడానికి ఎల్లినాను. ఆఫీసరు దాదా అంత దూరం నుంచి ఒచ్చి కూకుంటే సీతమ్మ ఏడుపు ఆయన సెవిన పడొద్దా? రెండు నిమిషాలు ఆపండ్రా బాబూ అని సెప్పొద్దామని ఎల్లినాను. అంతే."

"మరి నాకంటే ముందు లగెత్తినావేటి మావా?" అన్నాడు విల్‌ఫ్రెడ్. తోక వదిలేసి పరుగెత్తిన హనుమంతుడు ఇతనే.

"నీకు దారి సూపించొద్దేటి? ఇనండి. అక్కడ సూత్తే పిట్ట మనిషి నేడు. సైరను కూత్తానే ఉంది. ఏటి సేత్తాను, కుచ్చిళ్ళు ఎగ్గట్టి నిచ్చెనెక్కినాను. రెండు సేతులా దాని నోరు మూసినాను. ఆగింది. ఆ తరవాత ఏటయిందో తెలుసా? ఆగిన ఆవిరి ఎక్కడికో అక్కడికి ఎల్లాల కదా! ఒదిలేత్తే అటు తాల్‌బగీచా పేట దాకా ఉడికిపోద్ది. పిల్లా జెల్లా ఉన్న ఊరు. అందుకని నోరు పెట్టి మింగేసినాను."

"మొత్తమేటి?" అంది పోలమ్మ, టీ వడగడుతూనే.

"సుక్క ఒదల్నేదు వదినా. కడుపు ఇంతయింది. సీతమ్మకి నెలలు నిండినాయని గేటు కాడోళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చినారు. ఇక నోరు తెరిస్తే కూతే. మూసుకుని టేసనుకెల్లినాను. దాదా ఎక్కిన రైలు కదిలిపోతంది. మన ప్లాట్‌ఫారం పొడుగు మీకు నాను సెప్పాలా? ఈ కొస నుంచి లగెత్తుతా, ముక్కులోంచి పిసరంత ఆవిరి ఒదిలినాను. అంతే, ఇంజను ఎనకబడిపోనాది. డ్రైవరు టోపీ తీసి దండం ఎట్టినాడు. రైలు కంటే ముందు హౌరాలో దిగినాను."

"ఎక్కితే కదా దిగడానికి?"

"మాట మద్దిన అడ్డురాకు విల్‌ఫ్రెడ్డూ, ఆవిరి సల్లారిపోద్ది. ఆఫీసుకెల్లినాను. కమిటీ పెద్దలు పొడుగు బల్ల సుట్టూ కూకుని ఉన్నారు. కలాలు తీసినారు. మన కాయితం మీద సంతకం పెట్టబోతన్నారు. అంతట్లో ఒక దీదీ, 'సీతాదేవీ, ఒక్క పద్యం పాడండి' అంది. అంత మర్యాదగా అడిగితే కాదంతామా? మర్సిపోయి నోరు తెరిసేసినాను!"

నూకరాజు లేచి నిలబడ్డాడు. చేతిలో టీ సగం ఒలికింది.

"హుగ్లీ ఒడ్డునున్న జూట్ మిల్లులన్నీ షిఫ్టు మారిపోనాయి! లోపలోళ్ళు బయటికి, బయటోళ్ళు లోపలికి. ట్రాములు డిపోలకి మళ్ళిపోనాయి. పెళ్ళి పీటల మీదున్న పెళ్ళికొడుకు లేసి టిఫిను డబ్బా అడిగినాడు. మరి కమిటీ పెద్దలో? ఠీక్ హై, ఠీక్ హై అనుకుంటా పంచెలు ఎగ్గట్టి మిల్లుకి డ్యూటీకి పోనారు! ఇప్పటికీ తిరిగి రానేదు. సంతకం ఎవుడు పెడతాడు? అందుకే గ్రాంటు రానేదు." అని జ్ఞానరత్నం వైపు తిరిగాడు. గొంతు కాస్త తగ్గింది. "నాటకంలో తప్పేటీ నేదు టీచరమ్మా."

వెనక బల్ల మీద నుంచి ఎర్రయ్య దగ్గాడు. డ్యూటీకొచ్చేవాళ్ళకి గేటులో టోకెన్లిచ్చేది అతనే.

"ఒరే నూకరాజూ, ఆ మద్దేన్నం గేటులో నానే ఉన్నాను. సీర కట్టుకుని, జడ ఊపుకుంటా ఒచ్చి, 'బావా, నా టోకెను బేగీ ఇయ్యి' అన్నావు. ఇయ్యాల నీకు సెలవురా అంటే, 'ఐతే సగం రోజన్నా రాసుకో' అని కాళ్ళావేళ్ళా పడినావు. నోరు తెరిస్తే కూతన్నావు కదా, నా కాడ కూత రానేదేటి?"

టీకొట్టు గొల్లుమంది. నూకరాజు కూత బయటికి రాకుండా రెండు చేతులా నోరు మూసుకున్నాడు. దానికి ఇంకా నవ్వారు. పోలమ్మ పొయ్యి ముందే చతికిలబడి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

జ్ఞానరత్నం కూడా నవ్వింది. నవ్వుతూనే లెక్క సరిచూసుకుంది. కలకత్తావాళ్ళకి నచ్చుతుందని తను ఏరుకున్న అశోకవనానికి ఈ జనం ఒక్కసారైనా ఇలా కదల్లేదు. విల్‌ఫ్రెడ్ అయితే చెట్టు మీద కునుకు తీసేవాడు.

"కమిటీ మిల్లుకి పోయిన ముక్క మళ్ళీ చెప్పు నూకరాజూ. ఈసారి మెల్లిగా," అంది.

"ఎందుకు టీచరమ్మా? బడిలో తిట్టడానికేటి?"

"దరఖాస్తుకి."

దుప్పట్ల మాట ఎత్తనేలేదు. ఇకమీదట సైరనుతో పోటీ పడకూడదని అక్కడే, ఆ బల్ల మీదే నిశ్చయించుకుంది. మరుసటేడు అదే పెద్దమనిషి అదే కుర్చీలో కూర్చుని, నూకరాజు కథతో ఆమె కట్టిన నాటకం చూశాడు. మధ్యాహ్నం సైరను కూసింది. వేషగాళ్ళందరూ జనం మధ్యలోంచి గేటు వైపు పరుగెత్తారు. ఆ వెనకే కమిటీ పెద్దల వేషాలు వేసినవాళ్ళు పంచెలు ఎగ్గట్టి పరుగెత్తారు. అదే ఆఖరి అంకం. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. గ్రాంటు డబ్బుతో సంఘానికి కొత్త తెర వచ్చింది.

ఉద్యోగం విరమించే దాకా జ్ఞానరత్నం రాసిన ఏ నాటకమూ సైరనుకి ముందు ముగియలేదు, తర్వాత సాగలేదు.