కళ్ళజోళ్ళ బావ, కొండ మీది పాము

ఎవరు చెప్పారే నీకు, మీ తాత పాములు పట్టేవాడని? మీ అమ్మా? దానికేం తెలుసు, అప్పుడది పలక విరగ్గొట్టుకుని ఏడ్చే వయసు. పట్టేవాడు కాదమ్మా, వెతికేవాడు. పట్టాలంటే ముందు దొరకాలి కదా. కూర్చో. ఆ కుర్చీలో వద్దు, దానికీ నాలాగే కాళ్ళు ఊగుతాయి, ఇలా మంచం మీద కూర్చో. ఏం చెప్తున్నాను? ఆఁ, మీ తాత. నాకు బావ, మా అక్క మొగుడు. ఊరందరికీ కళ్ళజోళ్ళాయన. బజారు మలుపులో షాపు. లోపల గోడకి అక్షరాల అట్ట, పైనేమో గుమ్మడికాయంత అక్షరం, కిందికొచ్చేసరికి చీమ తలకాయంత. నేను వెనక గదిలో అద్దాలు అరగదీసేవాణ్ణి. ఆయన ముందు గదిలో జనాన్ని కూర్చోబెట్టి, "పైనుంచి చెప్పండి. ఊహించి చెప్పొద్దు, కనిపించింది చెప్పండి," అని ప్రాణం తీసేవాడు. ఓ పెద్దాయన అయితే "బాబూ, నేను కళ్ళజోడు కోసం వచ్చాను గానీ పరీక్ష రాయడానికి కాదు," అని లేచి వెళ్ళిపోయాడు. మహా ఓపికమంతుడులే మీ తాత. షాపులో మాత్రమే. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితే ఆ ఓపిక ఎక్కడికి పోయేదో మీ అమ్మమ్మనే అడగాల్సింది, పాపం ఆవిడా లేదిప్పుడు.

ఈ పాముల పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, కుర్రతనంలో స్నేహితులతో కొండల్లోకి షికారెళ్ళాడట. వానలో జారి పడ్డాడట. అది గొప్పగా చెప్పుకునేవాడు, జారిపడ్డం ఏదో బిరుదైనట్టు. పడ్డచోట ఓ రాయి దొర్లింది, దాని కింద ఓ పాము. నల్లగా, ఒంటి మీద రంగులు పారుతూ. చూశాడో లేదో మట్టిలోకి దూరిపోయింది. "ఒక్క రెప్పపాటు రా బావమరిదీ," అనేవాడు. లోకంలో మగాళ్ళు రెప్పపాటులో ఆడపిల్లని చూసి మనసు పారేసుకుంటారు, ఈ మహానుభావుడు పాము మీద పారేసుకున్నాడు. ఇక ఏటా వానాకాలం వస్తే ఇదే గోల. షాపుకి తాళం, నెత్తిన టోపీ, చేతిలో కొక్కెం బిగించిన కర్ర, అత్తారింటికి వెళ్ళే కొత్తల్లుడిలా ముస్తాబై బయల్దేరడం. కొన్నాళ్ళకి జ్వరంతో, జలగలు పీకిన కాళ్ళతో, ఉత్తి చేతులతో దిగబడ్డం. "ఏరీ, చుట్టంగారు రాలేదా ఈసారి కూడా?" అనేది మా అక్క గుమ్మంలో నిలబడి. అక్కకి పాము బొమ్మ చూసినా ఒళ్ళు జలదరిస్తుంది మరి.

ఇలా ఉండగా షాపులో చిత్రాలు మొదలయ్యాయి. గ్లాసులో పొయ్యాల్సిన టీ గ్లాసు పక్కన పొయ్యడం, గుమ్మానికి భుజం కొట్టుకుని "ఈ గుమ్మాన్ని ఎవడు జరిపాడ్రా!" అని నా మీద అరవడం. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే గోడ మీది అట్ట ఆయనకి కంఠస్థం. ఎవరు తప్పు చదివినా టక్కున పట్టేసేవాడు. ఓసారి గోడకి సున్నం వేయించి, పాతది చిరిగిపోయిందని నేనే కొత్త అట్ట తగిలించాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు, కళ్ళున్నవాడికి చెప్పేదేముందిలే అని. మర్నాడు ఎవరో వచ్చి "ర" అన్నారు. "తప్పండీ, అది గ," అన్నాడు మా బావ. ఆయన మళ్ళీ "ర" అన్నాడు. "బాగా చూడండీ!" వచ్చినాయన కళ్ళు దివ్యంగా ఉన్నాయి పాపం, బలవంతాన జోడు తగిలించి పంపేలా ఉన్నాడు ఈయన. వెనక గదిలోంచి వింటున్న నాకు అప్పుడు వెలిగింది, ఈయన అట్ట చూడట్లేదు, పాతది అప్పజెప్తున్నాడని. పెద్ద డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. కంటి నరం ఎండిపోతోందన్నాడు. చుట్టూ చీకటి మూసుకొస్తుంది, మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు కాస్త మసక, అది కూడా పోతుంది, ఏ అద్దమూ పనికిరాదు అన్నాడు. చూడు ఎంత బాగుందో, ఊరందరి ముక్కుల మీదా అద్దాలు పెట్టినవాడికి! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. బావ ఇంటికొచ్చి అడిగింది ఒక్కటే, "వానలెప్పుడు మొదలవుతాయిరా?" అని. అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తీసుకెళ్ళరా. కళ్ళు పూర్తిగా పోకముందే ఆ దిక్కుమాలిన పాముని ఒక్కసారి చూడనీ. ఆయన్ని మాత్రం నాకు క్షేమంగా తెచ్చివ్వు," అంది. ఎవరితో అంటోందో చూశావా? బల్లి కనిపిస్తే స్నానాల గది లోంచి తువ్వాలుతో పరిగెత్తుకొచ్చేవాడితో!

ఆ కొండలున్నాయే, దేవుడు వాటిని ఎక్కడానికి చెయ్యలేదు, జారడానికి చేశాడు. కింద బురద, పైన వాన, మధ్యలో మనం. పట్టుకుందామంటే ప్రతి కొమ్మకీ ముళ్ళో నాచో. జీపు డ్రైవరు ఒకడు దొరికాడు, వాడూ నా మతమే. "సార్, పాము కనబడకుండా పోనివ్వవయ్యా అన్నవాళ్ళని చూశాను గానీ, కనబడేలా పోనివ్వమన్నవాళ్ళు మీరేనండీ," అన్నాడు. మమ్మల్ని దారి చివర దింపేసి, అద్దాలెత్తుకుని లోపల పడుకునేవాడు. మధ్యమధ్యలో హారన్ కొట్టేవాడు, మేం బతికున్నామో లేదో కనుక్కోవడానికట. అక్కణ్ణించి కొక్కెం కర్ర నా చేతికి. రాయి ఎత్తడం, చూడ్డం, మళ్ళీ పెట్టడం. పెట్టడం అంటే ఎలాగోలా పడెయ్యడం కాదు తల్లీ, ఎత్తినది ఎత్తినట్టే, అదే వైపు, అదే గుంటలో. "వాటి ఇంటి కప్పురా అది. నీ ఇంటి కప్పు ఎవడన్నా ఎత్తి పక్కన పారేస్తే ఊరుకుంటావా?" అనేవాడు. "మా ఇంటి కప్పు ఎలాగూ కారుతోంది బావా, ఎవడన్నా పట్టుకుపోతే దణ్ణం పెడతాను," అనేవాణ్ణి. జెర్రులు, తేళ్ళు, పీతలు, నన్ను చూసి నాకంటే ఎక్కువ భయపడ్డ కప్పలు. అన్నీ ఉన్నాయి, ఆ మహారాణి తప్ప. పైగా ఇంకో శుభవార్త చల్లగా చెప్పాడు. "అవే రాళ్ళ కింద మట్టిరంగు విషప్పాము కూడా ఉంటుందిరా. తల పలకగా, మెడ సన్నగా. అది కరిస్తే జీపు దాకా కూడా రాలేం." ఎంత ధైర్యం చెప్పాడో చూశావా! ఇంత చేసి ఆయన చూసేదేముంది, ప్రతి రాయి దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు నేలకి ఆనించి, "ఏముంది?" అని నన్నే అడిగేవాడు.

మర్నాడు తిరిగి వెళ్ళిపోవాలి. వాన కాస్త తెరిపిచ్చింది. వాగు పక్కన ఏటవాలులో ఓ బండరాయి, కర్రతో కదల్లేదు, రెండు చేతులా ఎత్తాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఉంది బావా," అన్నాను, ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం. మీ తాత కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "నాకు అంతా ఆకుల్లాగే ఉందిరా," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. అంతలోనే షాపు గొంతు వచ్చేసింది. "సరే, చెప్పు. ఊహించి చెప్పకు, కనిపించింది చెప్పు. తల ఎలా ఉంది?" "తల ఏదో తెలీట్లేదు బావా!" "ఒక కొస చూడు." "మొద్దుగా ఉంది. కత్తితో ఏటవాలుగా కోసేసినట్టు, గరుగ్గా." "రెండో కొస?" "సన్నగా ఉంది, మట్టిలో దూర్చుకుంటోంది." "మెడ?" "మెడా లేదు నడుమూ లేదు, మన డ్రైవరులాగా అంతా ఒకటే!" మీ తాత మోకాళ్ళ మీదే ముందుకి జరిగాడు. "ఒరేయ్ వెధవా, తలేదో తోకేదో తెలీకపోవడమేరా దాని గుర్తు! ఆ మొద్దుది తోక. దాన్నే తల అనుకోమని శత్రువుకి చూపిస్తుంది," అన్నాడు. అని చెయ్యి చాపి, ఆగి, "ఖాయమేనా? నీ కళ్ళ మీద నమ్మకంతో పెడుతున్నాను," అన్నాడు. నా పరిస్థితి చూడు. చేతుల్లో బండ, కనురెప్ప మీద జలగ, మా అక్క మాటేమో చెవుల్లో. బండ వదిలితే పామూ, ఆయన చెయ్యీ రెండూ నుజ్జు. అప్పటిదాకా పాముని నేను సగం కళ్ళు మూసుకునే చూశాను. అప్పుడు మాత్రం పూర్తిగా తెరిచి చూశాను తల్లీ, ఆ కొస నుంచి ఈ కొస దాకా. "ఖాయం బావా," అన్నాను.

చెయ్యి పెట్టాడు. అది కరవలేదు. ఆయన వేళ్ళకి చుట్టుకుని, వేళ్ళ సందుల్లో తల దూరుస్తూ మట్టి కోసం వెతుక్కుంటోంది. "రంగు చెప్పు," అన్నాడు. "నలుపు." "ఉత్త నలుపేనా? సరిగ్గా చూడరా!" "నలుపు మీద ఊదా... కాదు, ఆకుపచ్చ... తడి రోడ్డు మీద పెట్రోలు పడితే ఉంటుందే, అలా. పక్కన పసుపు గీత. కదిలితే రంగు మారిపోతోంది బావా!" దాన్ని కంటికి ఆనించేంత దగ్గరగా పెట్టుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి, వెలుతురు వైపు తిరిగి... కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. "కనిపిస్తోందా బావా?" అన్నాను. "నువ్వు చెప్తూ ఉండు, ఆపకు," అన్నాడు. ఇంకేం అడుగుతాను? చేతులు పడిపోతున్నా చెప్తూనే ఉన్నాను, చెప్పిందే చెప్పాను. చివరికి ఆయనే నేల మీద వదిలేశాడు. బండని అదే వైపు, అదే గుంటలో పెట్టాను.

ఇంటికొచ్చాం. చెప్పులైనా విప్పకముందే అక్క, "చూశారా?" అంది. "చూశాను," అన్నాడు మీ తాత. "నల్లగా ఉంది. తడి రోడ్డు మీద పెట్రోలు పడ్డట్టు రంగులు. పక్కన పసుపు గీత, కదిలితే రంగు మారిపోతోంది." పొల్లుపోకుండా అన్నీ నా మాటలే. అక్క నా వైపు చూసింది. "చూశాడక్కా," అన్నాను. ఆవిడ అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చింది. మళ్ళీ వానలు వచ్చేలోపు ఆ ఉన్న కాస్త మసకా పోయింది మీ తాతకి. షాపుకొచ్చిన వాళ్ళందరికీ ఆ పాము కథే, అదేదో తనే తీరిగ్గా కూర్చుని చూసొచ్చినట్టు. నేను వెనక గదిలో అద్దాలు అరగదీస్తూ నవ్వుకునేవాణ్ణి. ఓ రోజు గోడ తడుముకుంటూ నా దగ్గరికొచ్చాడు. "ఒరేయ్, పసుపు గీత ఒకవైపేనా, రెండువైపులానా? మర్చిపోతున్నానురా," అన్నాడు. రెండువైపులా బావా అన్నాను. పోయేదాకా ఎన్నిసార్లు అడిగాడో! నేను చెప్తే వినేవాడు, విని పడుకునేవాడు. ఆయన బతుకంతా దాని కోసం దేవులాడితే, కళ్ళారా చూసిందెవరు? నేను. నాకెందుకే ఆ పాము? మా అక్క మొహం కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తు రావట్లేదు గానీ, అది మాత్రం కళ్ళు మూసుకుంటే చాలు... అడిగేవాడేమో లేడు.

ఆ కిటికీ వెయ్యమ్మా, చలిగాలి కొడుతోంది.